ఏబీఎస్ లైట్ వెలగలేదు, అయినా బండి ఆగలేదు

ముందు ఈ శబ్దం వినండి. గర్ర్ర్ర్... విన్నారా? ఇది గేర్‌బాక్స్ కాదు, ఇంజిన్ కాదు, నా కాలి కింద బ్రేక్ పెడల్. అప్పుడు బండి స్పీడెంతో తెలుసా, గంటకి పది కిలోమీటర్లు కూడా లేదు. పొడి రోడ్డు, ఎదురుగా గోడ, పార్క్ చేద్దామని మెల్లగా వస్తూ పెడల్ మీద కాలు ఊరికే అలా ఆనించానంతే. ఆగబోయే చివరి రెండు గజాల్లో పెడల్ గడగడలాడి కాలిని పైకి తన్నింది, బండేమో వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఇంకో మూడడుగులు ముందుకు జారింది. దిగి చూస్తే గోడకీ బంపర్‌కీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు మిగిలింది. డ్యాష్‌బోర్డు వైపు చూశాను, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు తిరగడం ఆగి లాక్ అయిపోకుండా, బ్రేక్ ప్రెషర్ వదిలి పట్టే సిస్టమ్) లైట్ లేదు, బ్రేక్ లైట్ లేదు, ఏ లైటూ లేదు. బండి లెక్కలో అంతా బాగానే ఉంది.

ఇది పాతికేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ కంపెనీ తప్పు కాదు, ఏళ్ల తరబడి బురదలో తిప్పి చక్రాల దగ్గర ఏముందో ఎప్పుడూ చూడని నా తప్పు. విషయం తెలిసిన మిత్రుడు ఒకడికి చెబితే, "దానికంత ఆలోచనెందుకు, ఫ్యూజ్ పీకెయ్, మన పాత జీపులకి ఏబీఎస్ ఉండేదా ఏంటి" అన్నాడు. ఈ సలహా మీరూ వినే ఉంటారు, ఆ మాట దగ్గరికి తర్వాత వస్తా. అసలు లైట్ కూడా వెలగకుండా ఏబీఎస్ ఇంత పొరపాటు ఎలా చేసిందో ముందు అది చూద్దాం, నాకు మజా వచ్చింది అక్కడే.

ఏబీఎస్ కంప్యూటర్‌కి కళ్లు లేవు. రోడ్డు కనపడదు, గోడ కనపడదు, మీరెంత గట్టిగా తొక్కారో కూడా పాత సిస్టమ్‌లకి తెలీదు, బ్రేక్ స్విచ్ ఆన్ అయ్యిందా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది. అది చూసేదల్లా చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది అన్నదే. ప్రతి హబ్ దగ్గర, అంటే చక్రం బిగించే నడిమి భాగం దగ్గర, పళ్లున్న ఒక ఇనప చక్రం ఉంటుంది, దాన్ని టోన్ రింగ్ అంటారు. దాని పక్కనే బొటనవేలంత సెన్సర్. పాత బండ్లలో ఆ సెన్సర్ లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట, అంతకన్నా ఏమీ లేదు, దానికి కరెంటు కూడా ఇవ్వక్కర్లేదు. పన్ను ముందునుంచి పోయినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి తీగలో చిన్న వోల్టేజ్ పుడుతుంది, సైకిల్ డైనమో లాగా. ఉదాహరణకి రింగ్‌కి 48 పళ్లు, టైరు 31 అంగుళాలు అనుకోండి, గంటకి 60 కి.మీ. వేగంలో సెకనుకి 320 చిల్లర పల్స్‌లు వెళ్తాయి, 5 కి.మీ. వేగంలో 27కి పడిపోతాయి. పల్స్‌ల సంఖ్య తగ్గడం ఒక్కటే అయితే ఫర్వాలేదు, దాంతోపాటు వోల్టేజ్ కూడా తగ్గిపోతుంది, అదీ అసలు చిక్కు. డైనమో మెల్లగా తిప్పితే బల్బు మసకబారినట్టే. ఇంకాస్త మెల్లగా పోతే కంప్యూటర్‌కి ఆ చక్రం ఉన్నట్టే తెలీదు.

సరే, ఇప్పుడు నా బండిలో ఏమైందో ఊహించండి. నాలుగు సెన్సర్లలో ఒకటి బలహీనం. స్పీడులో ఉన్నప్పుడు నాలుగూ సరిగ్గానే పలుకుతున్నాయి. మెల్లగా ఆగుతుంటే, మిగతా మూడూ ఇంకా మాట్లాడుతుండగానే ఆ ఒక్కటి ముందే మూగబోయింది. కంప్యూటర్ ఏమనుకుంటుంది? మూడు చక్రాలు తిరుగుతున్నాయి, ఒకటి ఉన్నట్టుండి సున్నాకి వచ్చింది, అంటే లాక్ అయ్యింది, వెంటనే ప్రెషర్ వదలాలి. వదిలేసింది. బండి జారింది. ఇందులో దాని దృష్టిలో తప్పేముంది? చక్రం లాక్ అయితే ఏం చెయ్యమని నేర్పారో అదే చేసింది. అందుకే లైట్ వెయ్యలేదు, ఫాల్ట్ కోడ్ రాసుకోలేదు. వైరు తెగితేనో, సెన్సర్ పూర్తిగా చస్తేనో లైట్ వస్తుంది. సగం చచ్చిన సెన్సర్‌కి లైట్ రాదు. అందుకే లైట్ వచ్చిన బండికన్నా ఇలా లైట్ రాకుండా గడగడలాడే బండంటేనే నాకు ఎక్కువ భయం.

ఇది నా ఒక్కడి బండి జబ్బు కాదని తర్వాత తెలిసింది. 2005లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 8 లక్షల పికప్‌లు, ఎస్‌యూవీలు రీకాల్ చేసింది, 1999 నుంచి 2002 మోడళ్లవి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లు. హబ్‌కీ సెన్సర్‌కీ మధ్య తుప్పు పేరుకుని, సెన్సర్ పైకి లేచి, మెల్లగా ఆగేటప్పుడు ఏబీఎస్ అనవసరంగా పనిచేసి బండి ఆగే దూరం పెరిగిపోయేది. నా బండి ఆ కంపెనీది కాదు, ఉప్పు రోడ్డు చూసిన బండీ కాదు, కానీ జబ్బు అచ్చం అదే.

ఇప్పుడు కెమెరా కిందికి తెస్తున్నా, జాగ్రత్తగా చూడండి. ముందు ఇరుసు జాకీ మీద లేపాను, స్టాండ్లు పెట్టాను, వెనక చక్రాలకి అడ్డు పెట్టాను. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్యండి. గేరు టూ వీల్ డ్రైవ్‌లో ఉంది, ముందు చక్రాలని షాఫ్టుల నుంచి విడదీసే ఫ్రీవీలింగ్ హబ్‌లు వదిలేసి ఉన్నాయి. సెన్సర్ ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ పెడుతున్నా. మొదట ఓమ్స్. ఇలాంటి సెన్సర్‌కి వెయ్యి ఓమ్స్‌కి అటూ ఇటూగా వస్తే మామూలు, కుడిది 1,080, ఎడమది 1,100. రెండూ బాగానే ఉన్నట్టు కనపడుతోంది కదా? చాలామంది ఇక్కడే "సెన్సర్ ఓకే" అని ప్లగ్ పెట్టేస్తారు. పెట్టకండి. మీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పి, చక్రాన్ని చేత్తో సెకనుకి ఒక చుట్టు చొప్పున తిప్పండి. కుడి చక్రం 0.42 చూపిస్తోంది. ఎడమది... చూడండి, ఎంత తిప్పినా 0.11 దాటట్లేదు. అంకె ఎంత రావాలన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ లేకపోతే పక్క చక్రంతో పోల్చుకోండి, ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలకి నాలుగింతల తేడా ఉండకూడదు. దొంగ దొరికాడు.

సెన్సర్ బయటికి తియ్యడమే పెద్ద పని, నిజం చెప్తున్నా. ఒక్క బోల్టే, కానీ సెన్సర్ దాని గుంటలో తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. సుత్తి తీసుకున్నారంటే ప్లాస్టిక్ తల ఊడి చేతిలోకి వస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేశాను, పొద్దున పట్టకారుతో అటూ ఇటూ మెలితిప్పుతూ తీశాను, వచ్చింది. ఇదిగో దీని మొన చూడండి. గడ్డం పెంచింది! ఇదంతా ఇనప పొడి, బ్రేక్ డిస్క్ అరిగినప్పుడు రాలిన పొడి, అయస్కాంతం కదా, ఏళ్లుగా లాక్కుని కూడబెట్టుకుంది. దీన్ని గుడ్డతో తుడిస్తే పోతుంది. అసలు సంగతి మాత్రం ఇక్కడుంది, సెన్సర్ కూర్చునే ఈ చదును చోటు. వేలితో రుద్దితే పెచ్చులు లేస్తున్నాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు సెన్సర్‌ని కొంచెం కొంచెంగా పైకి ఎత్తింది. సెన్సర్‌కీ పళ్లకీ మధ్య సందు మామూలుగా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఇత్తడిది వాడండి, ఉక్కుదైతే అయస్కాంతానికి అతుక్కుని తప్పు కొలత చూపిస్తుంది. విప్పేముందు నేను కొలిస్తే దాదాపు ఒకటిన్నర. ఒక తుప్పు పెచ్చు మందమే తేడా.

శుభ్రం చేసేటప్పుడు చక్రం మెల్లగా తిప్పుతూ రింగ్ పళ్లు ఒక్కొక్కటీ చూడండి. బిగుతుగా ఎక్కించిన రింగ్ కింద తుప్పు ఉబ్బితే రింగే పగులుతుంది. వెంట్రుకంత పగులు, బురద కింద కనపడదు. ఆ పగులు దగ్గర రెండు పళ్ల మధ్య ఎడం కొంచెం ఎక్కువవుతుంది, చక్రం చుట్టు చుట్టుకీ అక్కడ సిగ్నల్ తడబడుతుంది, ఫలితం మళ్లీ అదే గడగడ. పగిలిన రింగ్‌ని అతికించడాలు, వెల్డింగులు పెట్టుకోకండి, మార్చెయ్యండి. ఇంకోటి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బేరింగ్ ఆడుతుంటే సెన్సర్ సందు ఒకచోట నిలవదు, మలుపులో ఒకలా, తిన్నగా పోయేటప్పుడు ఒకలా. పైగా ఆడే బేరింగ్‌తో డిస్క్ ఊగి ప్యాడ్‌లని వెనక్కి నెట్టేస్తుంది, దాంతో మొదటిసారి తొక్కితే పెడల్ లోతుకి పోతుంది, రెండోసారి తొక్కితే పైనే నిలబడుతుంది. ఈ లక్షణం చూసి చాలామంది బ్రేకులో గాలి ఉందనుకుని నాలుగుసార్లు ఎయిర్ తీయించుకుంటారు, బేరింగ్ బిగిస్తే పోయేదానికి.

ఇక ఫ్యూజ్ పీకే సలహా. పరీక్ష కోసమైతే నేనూ పీకాను, దాచడమెందుకు. ఖాళీ స్థలంలో ఫ్యూజ్ తీసి మెల్లగా ఆపితే గడగడ లేదు, పెడల్ గట్టిగా ఉంది, బండి టక్కున ఆగింది. అంటే డిస్క్‌ని ప్యాడ్లతో పట్టే కాలిపర్లు, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ బాగానే ఉన్నాయి, గొడవంతా ఏబీఎస్‌దే అని తేలింది. అంతవరకూ పనికొచ్చే పరీక్షే, తర్వాత ఫ్యూజ్ దాని చోట దానికి పెట్టెయ్యాలి. ఎందుకంటే, బ్రేక్ వెయ్యగానే బరువంతా ముందుకొస్తుంది, ఎత్తుగా ఉండే మన బండ్లలో ఇంకా ఎక్కువ, వెనక చక్రాలు తేలికైపోతాయి. తేలికైన చక్రం తొందరగా లాక్ అవుతుంది, వెనకవి ముందు లాక్ అయితే బండి బొంగరమే. అలా కాకుండా వెనక్కి పోయే ప్రెషర్ తగ్గించాలి. బాగా పాత బండ్లలో ఆ పని ఒక మెకానికల్ వాల్వ్ చేస్తుంది, ఏబీఎస్ పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన చాలా బండ్లలో ఆ వాల్వ్ తీసేసి ఆ పని కూడా ఏబీఎస్ యూనిట్‌కే అప్పగించారు, దాన్ని ఈబీడీ అంటారు. అలాంటి బండికి ఫ్యూజ్ పీకితే ఏబీఎస్ లేని పాత జీపు అవ్వదు, అంతకన్నా అధ్వాన్నం అవుతుంది. పాత జీపుకి కనీసం ఆ బ్యాలెన్స్ ఉండేది. మీ బండిలో ఏబీఎస్ లైట్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైట్ కూడా కలిసి వెలిగితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఆయిలైనా తగ్గి ఉండాలి, ఈ బ్యాలెన్సైనా పోయి ఉండాలి.

అయితే ఏబీఎస్ అంటే దేవుడని కూడా నేను చెప్పట్లేదు, ముఖ్యంగా రోడ్డు దిగాక. ఏబీఎస్ పెట్టింది తక్కువ దూరంలో ఆపడానికే అనుకుంటారు, దాని మొదటి ఉద్దేశం స్టీరింగ్ పనిచెయ్యడం. లాక్ అయిన ముందు చక్రం ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది, తిరిగే చక్రమే తిప్పిన వైపు పోతుంది. తారు రోడ్డు మీద, తడి రోడ్డు మీద దూరం కూడా కలిసొస్తుంది. కంకర మీద, ఇసకలో, మెత్తటి మంచులో లెక్క తిరగబడుతుంది. అక్కడ లాక్ అయిన చక్రం నేలలోకి దిగబడి తన ముందు కంకర కుప్ప పోసుకుంటుంది, ఆ కుప్పే అడ్డం పడి బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఏం చేస్తుంది? చక్రాన్ని లాక్ అవ్వనివ్వదు, కుప్ప పడనివ్వదు, బండి కంకర మీద గోళీల మీద పోయినట్టు పోతూనే ఉంటుంది. కంకర దారిలో పాత ఏబీఎస్ బండి నడిపే వాళ్లు ముందు బండితో ఎడం ఇంకా పెంచాలి, వేరే కిటుకేమీ లేదు.

ఫోర్ వీల్ డ్రైవ్‌కీ ఏబీఎస్‌కీ మధ్య ఇంకో పాత పేచీ ఉంది. మామూలు కార్లో నాలుగు చక్రాలూ ఎవరి దారి వాళ్లది, ఒకటి లాక్ అయితే మిగతా వాటితో పోల్చి పట్టుకోవచ్చు. ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్‌ని లాక్ చేశారనుకోండి, లేదా అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే పార్ట్ టైమ్ బండిలో అది వేశారనుకోండి, ముందు ఇరుసూ వెనక ఇరుసూ షాఫ్టులతో ముడిపడిపోతాయి. ముందు చక్రాలని బ్రేక్ పట్టుకుంటే ఆ ముడి వెనక చక్రాలని కూడా లాగుతుంది. జారుడు నేల మీద నాలుగూ కలిసికట్టుగా మెల్లబడతాయి, కంప్యూటర్‌కి పోల్చుకోవడానికి సాక్షి దొరకడు. బండే మెల్లబడింది కాబోలు అనుకుంటుంది, బండేమో జారుతూనే ఉంటుంది. దీనికి విరుగుడుగా బండి లోపల జీ సెన్సర్ పెట్టారు. చక్రాల లెక్క కాదు, బండి నిజంగా ఎంత గట్టిగా మెల్లబడుతోందో అది చెబుతుంది. చక్రాలు దబ్బున మెల్లబడ్డాయి గానీ జీ సెన్సర్ "ఏమీ అనిపించలేదే" అంటే కింద జారుడు ఉన్నట్టు. కొన్ని పాత బండ్లలో ఇది పాదరసం స్విచ్, చిన్న గాజు గొట్టంలో పాదరసం బొట్టు, బ్రేక్ వేస్తే ముందుకి దొర్లి తీగలని కలుపుతుంది. దీని మీద సాధారణంగా బాణం గుర్తు ఉంటుంది, అది బండి ముందు వైపు చూడాలి. కార్పెట్ మార్చేటప్పుడో, సీటు విప్పినప్పుడో దీన్ని తీసి తిరగేసి బిగిస్తే ఇక ఏబీఎస్ బుర్ర తిరిగినట్టే. సెన్సర్లన్నీ బాగున్నా తిక్కగా చేస్తుంటే ఒకసారి దీన్ని కూడా చూడండి.

కొన్ని బండ్లలో ఈ తలనొప్పే వద్దని డిఫరెన్షియల్ లాక్ వెయ్యగానే ఏబీఎస్ దానంతటదే ఆగిపోయేలా చేశారు. 1980ల ఆడీ క్వాట్రో అనే ఫోర్ వీల్ డ్రైవ్ కారులో వెనక డిఫరెన్షియల్ లాక్ వేస్తే ఏబీఎస్ పోయేది, ఏబీఎస్‌ని ఆపడానికి విడిగా స్విచ్ కూడా ఉండేది. మీ బండిలో లో రేంజ్‌కో (మెల్లగా, బలంగా లాగడానికి ఉండే అదనపు గేర్లు), లాక్‌కో మారగానే ఏబీఎస్ లైట్ వెలిగితే కంగారు పడకండి, ముందు మాన్యువల్ చూడండి, అది రోగం కాకపోవచ్చు. తమాషా ఏంటంటే, ఫోర్ వీల్ డ్రైవ్, ఏబీఎస్‌ల కాపురం మొదట్నుంచీ ఉన్నదే. 1966లో వచ్చిన జెన్సెన్ ఎఫ్‌ఎఫ్ అనే బ్రిటిష్ కారులో ఫోర్ వీల్ డ్రైవూ ఉంది, డన్‌లప్ వాళ్లు విమానాల కోసం తయారుచేసిన మాక్సారెట్ యాంటీ లాకూ ఉంది, అందులో కంప్యూటర్ లేదు, అంతా మెకానికల్. 320 కార్లే చేశారు. ఇప్పుడు మనం చూస్తున్న ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ని బాష్ వాళ్లు మెర్సిడెస్ ఎస్ క్లాస్‌కి ఇచ్చింది 1978లో. ఇంకో పంతొమ్మిదేళ్లకి, 1997లో, ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌కి లో రేంజ్ గేర్లు లేకపోతే, ఆ లోటు పూడ్చడానికి ఏబీఎస్‌తోనే చక్రాలని పట్టి పట్టి వదులుతూ దిగే హిల్ డిసెంట్ కంట్రోల్ పెట్టారు.

మన పాత బండికి అది లేదు, లో రేంజ్ ఉంది. నిటారైన దిగుడులో లో రేంజ్ ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ మీంచి కాలు తీసి, ఇంజిన్‌నే బ్రేకుగా వాడండి. ఇందాకటి డైనమో గుర్తుందిగా, మనిషి నడిచేంత వేగంలో పాత సెన్సర్లు గుడ్డివి, కాబట్టి అక్కడ ఏబీఎస్ ఆదుకుంటుందనే ఆశ పెట్టుకోవద్దు, గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అయిపోతాయి, బండి మంచు మీది స్లెడ్జి బండిలా జారుతుంది. ఎక్కుతూ మధ్యలో ఇంజిన్ ఆగిపోతే కూడా అంతే. బ్రేక్ తొక్కి పట్టుకుని, రివర్స్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఆ తర్వాత బ్రేక్ మెల్లగా వదులుతూ ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంజిన్ బిగువు మీదే తిన్నగా వెనక్కి దిగండి. క్లచ్ తొక్కి బ్రేక్ మీద వెనక్కి దిగితే, పైకెత్తిన ముందు చక్రాల మీద బరువుండదు, అవి లాక్ అవుతాయి, స్టీరింగ్ చచ్చుబడుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగాక జరిగేది చెప్పక్కర్లేదు.

మామూలు బ్రేకుల సంగతి కూడా కొంచెం చెప్పి పోతా, ఎందుకంటే ఏబీఎస్ ప్రెషర్ తగ్గించగలదు గానీ లేని బ్రేకుని పుట్టించలేదు. బండి ఎత్తు పెంచినవాళ్లు ముందు వినండి. వెనక ఇరుసు దగ్గర చాసిస్‌నుంచి ఇరుసుకి ఒక సన్నటి కడ్డీ, దాని చివర వాల్వ్ ఉంటే అది లోడ్ సెన్సింగ్ వాల్వ్. వెనక బరువుంటే చాసిస్ కిందికి దిగుతుంది, కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ప్రెషర్ పెరుగుతుంది. మీరు స్ప్రింగులు మార్చి రెండంగుళాలు లేపారంటే, ఆ వాల్వ్ దృష్టిలో మీ బండి ఎప్పుడూ ఖాళీ బండే. సామాను నిండా ఎక్కించినా వెనక బ్రేకు సగమే పనిచేస్తుంది, ముందు ప్యాడ్లు ఊరికే అరిగిపోతుంటాయి. ఎత్తు పెంచినంత మేర కడ్డీ బిగించే చోటు కూడా పెంచాలి. టైర్లు కూడా అంతే, 29 అంగుళాల చోట 32 వేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ అదే బ్రేకు నేల దగ్గర సుమారు 9 శాతం తక్కువ బలంతో పట్టుకుంటుంది, టైరు బరువు పెరిగినందుకు నష్టం అదనం. నాలుగూ ఒకే సైజు ఉండాలని వేరే చెప్పాలా, ఒకటి చిన్నదైతే అది ఎప్పుడూ ఎక్కువ తిరుగుతూ కంప్యూటర్‌ని మభ్యపెడుతుంది.

వెనక డ్రమ్ బ్రేకులుంటే, నీళ్లు దాటాక వెంటనే నమ్మకండి, కొంతదూరం బ్రేక్ మీద కాలు మెల్లగా ఆనించి నడిపి షూలు ఆరబెట్టండి. ఇరుసు సీల్ కారితే గేరాయిల్ షూల మీదికొచ్చి ఆ చక్రం పట్టదు, రెండోవైపు పడుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. ఆయిల్ తాగిన షూలని పెట్రోల్‌తో కడిగి పెట్టేవాళ్లని చూశాను, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకొస్తుంది, దండగ పని. ఒక చక్రం బ్రేక్ వదిలాక కూడా పట్టేసి ఉంటే కాలిపర్‌నే తిట్టకండి. కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే నిపుల్ కొంచెం వదలండి, ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ లోపల ఇరుక్కుందని అర్థం, అప్పుడు రబ్బరు హోస్ మీద అనుమానం పెట్టండి. బయటికి బాగానే కనపడే పాత హోస్ లోపల పొరలు ఊడి కవాటంలా తయారవుతుంది, తొక్కితే ఆయిల్ పోతుంది, వదిలితే రాదు. డీజిల్ బండిలో పెడల్ రాయిలా ఉంటే, మన కాలికి సాయపడే బూస్టర్‌ని నడిపే వాక్యూమ్ చూడండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యండి, పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదంటే బూస్టరో, గొట్టమో, వాక్యూమ్ పంపో.

బ్రేక్ ఆయిల్ గురించి కోపంగానే చెప్తా. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ 3.7 శాతానికి వచ్చేసరికి ఆ హద్దు 155కి పడిపోవచ్చు. పొడవాటి ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కుతూనే ఉంటే కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకి తగులుతుంది. ఏబీఎస్ బండికి ఇంకో శిక్ష కూడా ఉంది, ఆ తేమ మాడ్యులేటర్‌లోని, అంటే ప్రెషర్ పట్టి వదిలే ఏబీఎస్ యూనిట్‌లోని, సన్నటి వాల్వులని తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి, డాట్ 5 అని రాసున్న సిలికాన్ రకం మాత్రం పొయ్యకండి, అది ఏబీఎస్‌కి పనికిరాదు, డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే. ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్ నిల్వ చేసే అక్యుములేటర్ ఉన్న రకం బండైతే పైపు విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి, పెడల్ గట్టిపడే దాకా మాన్యువల్ చెప్పినన్నిసార్లు తొక్కండి. లోపల ప్రెషర్ వంద బార్లు దాటి ఉంటుంది, కళ్లలోకి చిమ్మిందంటే ఆసుపత్రే.

సరే, మన ఎడమ చక్రం దగ్గరికి వద్దాం. గుంటని ఎమ్రీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దాను, లోపల పొడి పడకుండా రింగ్ మీద గుడ్డ కప్పి. పల్చగా గ్రీజు పూసి అదే పాత సెన్సర్ పెట్టాను, కొత్తది కొనలేదు. గేజ్ పెడితే సందు 0.7 వచ్చింది. మీటర్ 0.39 చూపిస్తోంది, కుడిదానికి దగ్గరగా. ఇప్పుడు ఖాళీ స్థలంలో గంటకి పది కిలోమీటర్ల మీదనుంచి మెల్లగా ఆపుతున్నా, మైకు పెడల్ పక్కనే పెట్టాను, వినండి.

...

ఏమీ లేదు, టైరు కింద చిన్న రాయి నలిగిన చప్పుడు తప్ప. ఇంకోసారి. మళ్లీ ఏమీ లేదు. ఇప్పుడు కొంచెం స్పీడు మీద తడి నేల మీద గట్టిగా తొక్కుతున్నా, ఇప్పుడు మాత్రం గడగడ రావాలి... వచ్చింది, స్టీరింగ్ కూడా తిరుగుతోంది. ఇదిగో ఆ గుంటలోంచి రాలిన పెచ్చు, వేలిమీద పెట్టి చూపిస్తున్నా, గోరంత కూడా లేదు, కెమెరా దీని మీద ఫోకస్ కూడా అవ్వట్లేదు. కుడివైపు గుంటలో కూడా ఇలాంటిది మొదలయ్యే ఉంటుంది, వెలుతురు పోకముందే దాన్ని కూడా విప్పుతా, ఆయిల్ అయితే నిన్న రాత్రే కొట్టి ఉంచాను.